తోషి గారి పదిహేనో కత్తి

రెండేళ్ళ కిందటి సంగతి. ఏప్రిల్ నెల, మంగళవారం పొద్దున ఏడు ఇరవై టోక్యో రైలు, నాలుగో పెట్టె. మా ఊరు సంజో దాటి పది నిమిషాలు కూడా కాలేదు. కిటికీ పక్కనుంచి ఒక పెద్దావిడ లేచి నిలబడి, నడుము దాకా వంగి నాకు నమస్కారం చేసి, ఆ చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా అంది:

"కాపలాదారు గారూ, నా దగ్గర పధ్నాలుగు కత్తులున్నాయండీ. అన్నీ మంచి పదును మీదున్నాయి."

నా ఉద్యోగంలో అది ఆరో రోజు. అరిచేవాణ్ణి ఎలా పట్టుకోవాలో శిక్షణలో చెప్పారు, పరిగెత్తేవాణ్ణి ఎలా ఆపాలో చెప్పారు. వంగి నమస్కారం పెట్టి కత్తుల లెక్క చెప్పే ఆవిణ్ణి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. పక్క వరసలో గుడ్డు శాండ్‌విచ్ తింటున్న పెద్దమనిషి నమలడం ఆపేశాడు. ప్రమాదం వస్తే నొక్కే మీట ఆయనకి నాలుగడుగుల దూరంలోనే ఉంది. నొక్కలేదు. నొక్కితే రైలు ఆగుతుంది, ఆగితే వందలమందికి ఆలస్యమవుతుంది, తన ఒక్కడి భయం కోసం అంతమందిని ఇబ్బంది పెట్టడమా అని మావాళ్ళు కూర్చుని ఆలోచిస్తారు. ఈలోగా ప్రాణం పోయినా సరే.

"ఎందుకమ్మా నాకు చెబుతున్నారు?" అన్నాను.

"మీరేగా చెప్పమన్నారు," అంది ఆవిడ, పైన ప్రకటనలు వినిపించే చోటు చూపిస్తూ. "ప్రమాదకరమైన వస్తువులు కనిపిస్తే సిబ్బందికి తెలియజెయ్యమని ఇప్పుడే అన్నారు. నాకు కనిపించాయి. నా ఒళ్ళోనే ఉన్నాయి."

ఆవిడే నగుమో తోషి. మా ఊళ్ళో కత్తులకి సాన పడుతుంది. నేను ఒనోజుకా. ఇరవై రెండేళ్ళు పక్క ఊరి ఫ్యాక్టరీలో చెంచాలు అచ్చు కొట్టాను. ఫ్యాక్టరీ మూతపడితే యాభై ఆరో ఏట ఈ టోపీ పెట్టుకున్నాను. రైలు ప్రైవేటు కంపెనీది, పట్టాలూ లాభమూ వాళ్ళవే. భద్రత రూళ్ళు మాత్రం ప్రభుత్వానివి. మధ్యలో పెట్టె పెట్టెకీ వంగి నమస్కారం చేస్తూ తిరిగే కాళ్ళు నావి.

ఆ రూళ్ళు ఊరికే రాలేదు. ఒక రైల్లో ఒకడు కత్తి తీశాడు, మనుషులు పోయారు. తర్వాత మంత్రిత్వ శాఖ వాళ్ళు చట్టాన్ని సవరించారు. రైల్లో కత్తి తీసుకెళ్ళాలంటే అది వెంటనే బయటికి తీయడానికి వీల్లేకుండా కట్టి ఉండాలి, రైల్లో విప్పకూడదు, కంపెనీ ప్రతి రైల్లో మాలాంటి వాళ్ళని తిప్పాలి, మా దగ్గర డాలూ, కత్తిపోటు ఆపే చొక్కా ఉండాలి. బొమ్మలతో చిన్న పుస్తకం కూడా వేశారు. ఆ పుస్తకాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా, కింద చిన్నచిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరుతో సహా చదివిన ప్రయాణికురాలు దేశం మొత్తం మీద తోషి గారొక్కతే అయ్యుంటుంది.

ఆవిడ అంతే. మందు సీసా మీదున్నవన్నీ చదివాకే మందు వేసుకుంటుంది. పచ్చదీపం వెలిగినా, మూడుసార్లు అటూ ఇటూ చూడమని బడిలో చెప్పారు కదా అని మూడుసార్లూ చూసేసరికి ఎర్రదీపం వచ్చేస్తుంది. మళ్ళీ మొదటినుంచి.

పుట్టింది కొడవళ్ళు చేసే కమ్మరి ఇంట. ఇరవై రెండో ఏట సానపట్టే కికుజీ గారిని పెళ్ళాడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీద కత్తి తోస్తుంటే ఈవిడ రాళ్ళు తడపడం, నీళ్ళు మార్చడం, తుడిచి చుట్టడం. ఆయన పోయి నలభై తొమ్మిదో రోజు కర్మ జరిగిన మర్నాడే రాయి ముందు తను కూర్చుంది. టోక్యోలో, ఉయెనో పేటలో వాళ్ళ దగ్గర సాన పట్టించుకునే వంటవాళ్ళకి నమ్మకం కుదరలేదు. వాళ్ళలో పెద్దాయన ఉల్లికాడ కోసి చూసి, "బాగానే ఉందిగానీ, కికుజీ గారి ఆఖరి పదేళ్ళ పనితనం వేరమ్మా," అన్నాడట. ఆ ఆఖరి పదేళ్ళూ కికుజీ గారికి చూపు ఆనలేదు. పట్టింది ఈవిడే. ఆ సంగతి ఆ పెద్ద వంటాయనకి ఇప్పటిదాకా చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను మండిపోయి.

"ఆయన అడగలేదుగా," అంది.

నెలకి రెండు మంగళవారాలు ఆవిడ ఉయెనో వెళ్తుంది. అయిదు వంటిళ్ళు, పధ్నాలుగు కత్తులు. సాన పట్టినవి ఇచ్చి, మొద్దుబారినవి తెచ్చుకుంటుంది. ఒక్కో కత్తికీ పాత వార్తాపత్రిక, దాని మీద తెల్లటి నూలుగుడ్డ పట్టీ, దాని మీద జనపతాడు ముడి. అన్నీ కలిపి ఊదారంగు గుడ్డలో మూటకట్టి, పసిబిడ్డని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంటుంది.

కొరియర్లో పంపొచ్చు కదా అని నేనూ అడిగాను. ఎవరైనా అడిగేదే.

"పెట్టె కత్తిని తెస్తుంది, చెయ్యిని తేదుగా కాపలాదారు గారూ," అంది. మలుగు చేపలు చీల్చే ముసలాయనకి కుడి భుజం జారిపోయిందట. చెయ్యి ఇదివరకంత పైకి లేవదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు. ఈవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన రెండు చేపలు చీల్చేదాకా చూసి, ఇంటికొచ్చి ఆయన కత్తి పదును కోణం రవ్వంత మార్చింది. "'భుజం నొప్పి తగ్గిందమ్మా, మందు మార్చాను, అందుకే' అన్నారు. 'అవునండీ, మంచి మందు' అన్నాను." అది చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. చిన్నపిల్లలా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇలాంటి మనిషి రైలెక్కుతుంటే నాకేం బాధ? బాధల్లా ఆవిడ చేసే ప్రకటన. టికెట్ గేటు దగ్గర ఒకసారి చెబుతుంది, ప్లాట్‌ఫారం మీద ఒకసారి చెబుతుంది, రైల్లో నాకు ఒకసారి చెబుతుంది. చెప్పినప్పుడల్లా నేను కాగితం నింపాలి. రెండేళ్ళలో నలభైకి పైగా నింపాను. అన్నిట్లోనూ ఒకటే వాక్యం: పధ్నాలుగు కత్తులు, సక్రమంగా కట్టి ఉన్నవి. గట్టిగా చెప్పకండి, జనం హడలిపోతున్నారని బతిమాలాను. "గుసగుసగా చెబితే దాస్తున్నట్టుండదూ?" అంది. నిజమే. కత్తుల గురించి గుసగుసలాడే మనిషిని చూస్తే నేనైనా హడలిపోతాను.

నాకూ ఆవిడకీ స్నేహం కుదిరింది ముల్లంగి దగ్గర. ఈ సెప్టెంబరులో ఒకసారి నా అన్నం డబ్బా ఆవిడ కంటపడింది. నేను ఊరవేసిన ముల్లంగి ముక్క ఒకటి పుల్లలతో ఎత్తితే, దాని వెనకాల మిగతా అయిదు ముక్కలూ గొలుసులా వేలాడుతూ లేచాయి. కింద తెగలేదన్నమాట.

తోషి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సంజోలోనే ఉంటున్నారా మీరు?"

"పుట్టి పెరిగిందే అక్కడండీ."

"ఎంత పని జరిగింది!" అంది, ఇంట్లో ఎవరో పోయినంత బాధగా. "ఈసారి ఆ కత్తి తెచ్చి నాకివ్వండి. ఎవరికీ చెప్పనులెండి."

నాకు తలకొట్టేసినంత పనైంది. వీధికి నలుగురు కమ్మరులున్న ఊళ్ళో మా ఇంట్లో కత్తి ముల్లంగిని తెంచలేకపోతోంది! ఇంటికెళ్ళి మా ఆవిడ కినూయెతో చెబితే, "ఆ కత్తి కొని పధ్నాలుగేళ్ళయిందండీ. పదును పెట్టించండని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ఇప్పుడు పరాయి ఆడమనిషి చెబితే తలకెక్కిందా?" అని దులిపేసింది.

ఇంతలో అసలు సంగతి వచ్చి పడింది. అక్టోబరు మొదటి సోమవారం స్టేషను అసిస్టెంటు మాస్టరు మరుయామా గారు నన్ను లోపలికి పిలిచారు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నాయన, మంచివాడే, పై ఆఫీసు నుంచి ఫోనొస్తే మాత్రం చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు రెండు చెవులూ టమాటాల్లా ఉన్నాయి.

"నాలుగో పెట్టె ఆవిడ మీద మూడు ఫిర్యాదులొచ్చాయి ఒనోజుకా గారూ. రేపు ఆ రైల్లో మంత్రిత్వ శాఖ నుంచి ఇన్‌స్పెక్టరు ఎక్కుతున్నారు. ఆవిడ లేచి కత్తుల కచేరీ పెట్టకముందే ఇది ఆవిడ చేతిలో పెట్టండి." దళసరి కాగితం, మూడు మడతలు, ఎర్ర ముద్ర. *ఇతర ప్రయాణికుల మనశ్శాంతి దృష్ట్యా, కత్తులతో ప్రయాణం వీలైనంతవరకు మానుకోవలసిందిగా శ్రీమతి నగుమో తోషి గారికి మనవి.*

"రూలు ప్రకారం ఆవిడ తప్పేం లేదు కదండీ?" అన్నాను.

"అందుకేగా మనవి. రూలయితే మనం పెట్టలేం. ఇష్టం లేకపోతే ఆవిడ మానక్కర్లేదు."

ఇష్టం లేకపోతేనట! మరుయామా గారికి తోషి గారు తెలియదు. నాకు తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ వార్డులో ఇంటింటికీ తిరిగే అట్ట మీద ఒక చీటీ వచ్చింది. ఒకరు చదివి, ముద్ర వేసి, పక్కింటికి అందిస్తారే, ఆ అట్ట. పెరట్లో పొగ వచ్చే పనులు వీలైతే తగ్గించుకోమని మనవి. అందరూ ముద్రలు కొట్టారు, వారం తర్వాత చాలామంది మరిచిపోయారు. తోషి గారు మరిచిపోలేదు. శరదృతువు రాగానే పెరట్లో బొగ్గుల కుంపటి పెట్టి సన్మా చేప కాల్చుకోవడం ఆవిడకి ప్రాణం. చేప కొవ్వు బొగ్గుల మీద బొట్లుబొట్లుగా పడాలి, పొగ రావాలి, పక్కన తురిమిన ముల్లంగి ఉండాలి. వంటింట్లో గ్యాసు మీద కాలిస్తే అది సన్మా కాదట, ఉడికిన చేపట. ఆ చీటీ మీద ముద్ర వేసిన రోజు నుంచి ఆవిడ సన్మా ముట్టలేదు. తొమ్మిది శరదృతువులు! అడిగినవాళ్ళు మరిచిపోయారు, ఈవిడ మానేసింది.

ఈ కాగితం ఇస్తే ఏం జరుగుతుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. రెండు చేతులతో అందుకుంటుంది, చివరి అక్షరం దాకా చదువుతుంది, వంగి నమస్కారం చేస్తుంది, ఆ తర్వాత ఇక రైలెక్కదు. మలుగు చేపల ముసలాయన భుజం ఎవరు చూస్తారు? చెయ్యి చూడకుండా పట్టడం ఆవిడకి రాదు. రాయి ఎండిపోతుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. కినూయె నా మొహం చూసి కత్తి గురించి మళ్ళీ ఎత్తలేదు గానీ, పొద్దున్నే దాన్ని కుందేళ్ళ బొమ్మల తువ్వాల్లో చుట్టి నా సంచిలో పెట్టేసింది. "మరిచిపోతారని నేనే పెట్టాను," అని గుమ్మంలోంచి కేకేసింది. నేను మనసులో కాగితంతో కుస్తీ పడుతున్నాను. ఊఁ అన్నాను.

ఇన్‌స్పెక్టరు కురాహాషి గారు ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి. నల్ల కోటు, చేతిలో అట్ట, ఎవరి మాటకీ తొణకని మనిషి. రైలు కదలగానే, "ముందు మీ సామగ్రి చూస్తాను," అని ఒంట్లో బాగోనివాళ్ళ కోసం ఉంచిన చిన్నగదిలోకి తీసుకెళ్ళింది. హమ్మయ్య, తోషి గారి దగ్గరికి వెళ్ళడం కాస్త వాయిదా పడిందనుకున్నాను. సంచి బల్ల మీద పెట్టి నేనే జిప్పు లాగాను.

"డాలు. ఉంది. చొక్కా. ఉంది. చేతిజోళ్ళు..." అని రాసుకుంటూ ఆవిడ ఆగింది. "ఇదేమిటి?"

కుందేళ్ళ తువ్వాల్లోంచి రెండంగుళాల కత్తి మొన బయటికి తొంగి చూస్తోంది.

మంత్రిత్వ శాఖ పుస్తకంలో నాలుగో పేజీలో తువ్వాలు చుట్టిన కత్తి బొమ్మ ఉంటుంది. దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఆ పేజీ స్టేషన్లో కొత్తవాళ్ళకి చదివి వినిపించేది నేనే. కాళ్ళ కింద రైలు గంటకి రెండువందల కిలోమీటర్ల మీద పోతోంది, నాకు మాత్రం భూమి ఆగిపోయినట్టనిపించింది.

"అది... ముల్లంగి కోసమండీ," అన్నాను.

సరిగ్గా అప్పుడే తలుపు మీద మూడు సుతారమైన దెబ్బలు. ఊదారంగు మూట గుండెకి హత్తుకుని తోషి గారు. "ఇక్కడున్నారా కాపలాదారు గారూ! ప్రకటన రెండుసార్లయింది, మీరు రాలేదు, ఒంట్లో బాగోలేదేమోనని వచ్చాను. పధ్నాలుగు కత్తులండీ." అప్పుడు ఆవిడ చూపు బల్ల మీద పడింది. "అయ్యయ్యో! ఇలాగా తెచ్చేది? తువ్వాల్లోనా? నాలుగో పేజీ చదవలేదూ?"

కురాహాషి గారు నాకేసి చూసింది, ఆవిడకేసి చూసింది. "మీరెవరు? పధ్నాలుగు ఏమిటి?"

తోషి గారు అంతా చెప్పింది. పేరు, వయసు, వీధి, వంటిళ్ళు, ఈ కత్తి తెమ్మన్నది తనేనని, ఆ ముల్లంగి గొలుసు సంగతితో సహా. ఎవరికీ చెప్పనన్న మాట ప్రభుత్వానికి వర్తించదు కాబోలు.

"సరేనమ్మా. మీ కట్టు రూలుకి సరిపోతుందో లేదో నేను రాయాలి. విప్పి చూపించండి."

"విప్పలేనండీ," అంది తోషి గారు నొచ్చుకుంటూ. "రైల్లో విప్పకూడదని మీ రూలు."

ఇన్‌స్పెక్టరు మూటకేసి చూసింది. అట్ట తిరగేసింది. పెన్నుతో నుదురు గోక్కుంది. "విప్పకుండా నేనెలా చూడాలి?"

"ఒకటి విప్పే ఉందిగా మీ ముందు. దాన్ని నాకివ్వండి, మీరు చూస్తుండగా చుడతాను." సంచిలోంచి నూలుపట్టీ తీసింది, జనపతాడు తీసింది, అటూ ఇటూ వెతికింది. "వార్తాపత్రిక అయిపోయింది. కాపలాదారు గారూ, కాగితం ఏదైనా ఉందా? కాస్త దళసరిగా ఉండాలి."

నేను దేవుడి సాక్షిగా చెబుతున్నాను, తెలిసి చెయ్యలేదు. కంగారులో చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది, తగిలింది తీసి ఇచ్చింది. ఇచ్చాక చూశాను. ఎర్ర ముద్ర.

తోషి గారు మూడు మడతలూ విప్పింది. చదవకుండా ఏ కాగితమూ ఆవిడ చేతిలోంచి పోదు. నిలబడి చదివింది. తన పేరు దగ్గర వేలు ఆగింది. చివర ముద్రలో ఉన్న సన్నటి అక్షరాలు కూడా చదివింది. అయిపోయింది, చేజేతులా నేనే ఇచ్చేశాననుకున్నాను.

ఆవిడ కాగితాన్ని అక్షరాలు లోపలికి వచ్చేలా బల్ల మీద పరిచి, మా ఇంటి కత్తిని దాని మధ్యలో పెట్టింది. మొన దగ్గర ఒక మడత, పిడి దగ్గర ఒక మడత, తర్వాత నూలుపట్టీ బిగించి తొమ్మిది చుట్లు. జనపతాడు నోట్లో పెట్టి తడిపి, ముడి వేసింది. ఆ ముడి వాళ్ళ అత్తగారి ముడి. పూర్వం కొడవళ్ళు వీపున మోసుకుని ఊరూరా అమ్మేవాళ్ళు వేసేదట. లాగేకొద్దీ బిగుస్తుంది.

"ఇప్పుడు తియ్యండి, ఆఫీసరమ్మా."

రైలు యుజావా స్టేషను దాటి పెద్ద సొరంగంలో దూరింది. కురాహాషి గారు గడియారం చూసుకుని మొదలుపెట్టింది. ముందు వేళ్ళతో, తర్వాత గోళ్ళతో, తర్వాత అధికారి అన్న సంగతి మరిచిపోయి పళ్ళతో. కోటు విప్పి పక్కన పడేసింది. సొరంగంలో చెవులు దిబ్బడ వేస్తే గుటక మింగి, మళ్ళీ పట్టుకుంది. "మీరు పట్టండి," అని నాకిచ్చింది. ఇరవై రెండేళ్ళు ఇనుముతో పనిచేసిన వేళ్ళు నావి. ముడి ఇంకా బిగిసింది.

"తాడు కోసేస్తే?" అంది ఆవిడ రొప్పుతూ.

"కొయ్యాలంటే కత్తి కావాలి కదండీ," అంది తోషి గారు మర్యాదగా. "అది లోపలుంది."

సొరంగం అయిపోయి ఎండ వచ్చేసరికి కురాహాషి గారు ఆ కట్ట బల్ల మీద పెట్టి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కోటు వేసుకుని, అట్ట తీసి రాసింది. వెంటనే బయటికి తీయడానికి వీలు లేదు, నిబంధనకి పూర్తిగా సరిపోతుంది. నాకేసి తిరిగి, "మీరు మాత్రం మూడు పేజీల సంజాయిషీ రాయాలి," అంది. రాస్తానండీ, నాలుగు రాస్తాను అన్నాను. తోషి గారితో, "ఈసారి నుంచి నోటితో చెప్పకుండా ఒక చీటీ మీద రాసి చూపించండమ్మా, అదీ తెలియజెయ్యడమే," అంది. అంత చిన్న ఉపాయం రెండేళ్ళుగా నా బుర్రకి తట్టనందుకు సిగ్గేసింది.

ఉయెనోలో తోషి గారు దిగింది. మా కత్తి ఆవిడ మూటలోకి పదిహేనోదిగా చేరింది. ఎప్పటిలాగే వంగి నమస్కారం చేసింది. కాగితం మాట ఎత్తలేదు. వచ్చేసారి వస్తానని కూడా అనలేదు.

సాయంత్రం మరుయామా గారు ఎదురుచూస్తున్నారు. "ఇచ్చారా?"

"ఇచ్చానండీ."

"చదివిందా?"

"పూర్తిగా చదివారు."

"ఏమంది?"

"ఏమీ అనలేదండీ. కాగితం దళసరి ఆవిడకి నచ్చినట్టుంది."

ఇన్‌స్పెక్టరు రాసింది చూశాక ఆయన చెవులు మామూలు రంగులోకొచ్చాయి, ఇంకో కాగితం అచ్చువెయ్యలేదు. కానీ ఆ ఒక్కటీ ఆవిడ చదివేసిందిగా! ఆ రెండు వారాలూ నేను మనిషిని కాలేదు. వాళ్ళ వీధిలోంచి రెండుసార్లు సైకిలు మీద వెళ్ళాను. రాతి మీద కత్తి తోసే చప్పుడు వినపడలేదు. తలుపు కొట్టే ధైర్యం లేకపోయింది. "అడిగెయ్యండీ, నోరుందిగా," అంది కినూయె, పళ్ళు కోసే చిన్న చాకుతో ముల్లంగి పొడుస్తూ.

ఆవిడ రావలసిన మంగళవారం ఏడింటికల్లా టికెట్ గేటు దగ్గర నిలబడ్డాను. ఏడూ పది. ఏడూ పన్నెండు. రోడ్డు దాటే చోట ఒక మనిషి అటూ ఇటూ మూడుసార్లు చూస్తోంది. ఎర్రదీపం వచ్చేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది, ఏం దాచుకోను.

గేటు దగ్గరికొచ్చి, మాట్లాడకుండా, మెడలో తాడుకి కట్టుకున్న చీటీ రెండు చేతులతో ఎత్తి చూపించింది. అందంగా కుంచెతో రాసుకుంది: *కత్తులు పధ్నాలుగు. క్షమించండి.* టికెట్ గేటు అబ్బాయికీ చూపించింది, ఊడ్చే ఆవిడకీ చూపించింది. తర్వాత నా చేతిలో ఒక కట్ట పెట్టింది. "మీది. ఇంటికెళ్ళాకే విప్పండి. చివర్న వదులుగా ఒక కొస వదిలాను, అది పట్టి లోపలికి తోస్తే ఊడుతుంది. ఎవరికీ చెప్పకండి."

"తోషి గారూ, ఆ కాగితం..." అన్నాను. "పొరపాటున ఇచ్చానండీ."

"చదివాను. రైల్లో ఒకసారి, ఇంటికెళ్ళి విప్పాక ఒకసారి." ఆవిడ మూట సర్దుకుంది. "ఆ కాగితంలో అడిగారు కదా కాపలాదారు గారూ. అడిగితే కాదని కూడా అనొచ్చు కదా అని వారమంతా ఆలోచించాను. డెబ్బై మూడేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఎలా అనాలో తెలియలేదు. రాయి ముందు కూర్చుని అని చూశాను."

"ఏమని?"

ఆవిడ నిటారుగా నిలబడింది, నడుము దాకా వంగింది, లేచింది. "నేను మాననండీ," అంది. అని, మొహం ఎర్రబడి, చుట్టూ చూసి, "గట్టిగా అన్నానా?" అంది.

"సరిపోయిందండీ," అన్నాను.

అప్పుడు వాసన తగిలింది నాకు. ఆవిడ కోటులోంచి బొగ్గుల పొగ, కాలిన చేప కొవ్వు వాసన.

"నిన్న సాయంత్రం పెరట్లో సన్మా కాల్చాను," అంది, నేను అడక్కుండానే. "మొదలెట్టాక ఎందుకు మొదలెట్టానా అనిపించింది. పొగ తిన్నగా గోడ దాటి పోయింది. పక్కింటి ఒకీ గారు గోడ మీంచి తల పెట్టారు. నాకు ఇక్కడ ఆగిపోయింది," అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏమన్నారు?"

"ఇంకోటి ఉందా అన్నారు. ఆయన కూడా తొమ్మిదేళ్ళుగా తినలేదట."